జింకపిల్ల దొరికితే ఇంటికి తేవచ్చునా?

నిజాంపేట (మెదక్ జిల్లా):

యాసంగి వరికోత యంత్రం మడిలోకి దిగుతుంది. నాలుగు వైపుల నుంచీ కోసుకుంటూ వచ్చేసరికి నడుమ గదంత వెడల్పున పైరు మిగులుతుంది. అందులో ముడుచుకొని ఒక జింకపిల్ల. పెద్ద కళ్ళు తెరిచి చూస్తుందే గాని కదలదు. యంత్రం ఆగుతుంది. కూలీలు, పిల్లలు చుట్టూ మూగుతారు. "తల్లి పారిపోయింది, పాపం" అని ఒకరంటారు. "ఇక్కడ్నే ఉంచితే కుక్కలు పీక్కతింటయి" అని ఇంకొకరంటారు. పొద్దుగూకేసరికి ఆ పిల్ల ఎవరో ఒకరి పెరట్లో, మెడకు తాడుతో, బర్రెపాల గిన్నె ముందు నిలబడి ఉంటుంది.

తెచ్చిన వాడిది దయే. అందులో అనుమానం లేదు. అయితే ఆ దయతోనే చాలా పిల్లలు చచ్చిపోతున్నాయి. అడవి అంచు పల్లెల్లో ఇది ఏటేటా జరిగే ముచ్చటే గనుక, ఈ విషయం నాలుగు మాటలు వివరంగా చెప్పుకోవడం అవసరం.

నిజాంపేట రామాయంపేట నుంచి సిద్దిపేట పోయే దారిలో ఉంది. ఇది మండలం కాకముందు రామాయంపేట మండలంలోని ఊరే. ఈ ప్రాంతంలో ఊరికీ అడవికీ నడుమ గోడ లేదు. గుట్ట, కంచె భూమి, చెరువు శిఖం, ఆ వెంటనే పొలం. మెదక్ పట్నానికి ఉత్తరాన, సుమారు 15 కిలోమీటర్ల దూరంలో పోచారం అభయారణ్యం ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి ఇది. 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆల్లేరు మీద 1916–1922 మధ్య కట్టిన పోచారం చెరువు పేరే దీనికి పెట్టారు. వైశాల్యం దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. కొంత మెదక్ జిల్లాలో, కొంత కామారెడ్డి జిల్లాలో ఉంది. దుప్పి, కణుజు, మనుబోతు, బుర్రజింక, కొండగొర్రె, ఎలుగుబంటి, తోడేలు, చిరుత ఇందులో ఉండే జంతువులు. హద్దురాళ్ళు పాతింది మనుషుల కోసం. నీళ్ళు, మేత ఎక్కడుంటే జంతువుకు అదే అడవి. ఎండాకాలం వచ్చిందంటే బోరు కింది పచ్చని మడి దానికి దూరం నుంచే కనిపిస్తుంది.

భరతుని కథ మనకు తెలియనిది కాదు

పురాణ కాలక్షేపం విన్నవారికి జడభరతుని కథ గుర్తుంటుంది. సింహం గర్జన విని బెదరిన లేడి ఏరు దూకుతూ పిల్లను ఈని ప్రాణం విడుస్తుంది. రాజ్యం వదిలి తపస్సుకు వచ్చిన భరతుడు నీటిలో కొట్టుకుపోతున్న ఆ పిల్లను ఎత్తుకొచ్చి సాకుతాడు. జపం పోయింది, తపం పోయింది, పొద్దస్తమానం లేడిపిల్ల ధ్యాసే. చనిపోయేటప్పుడు కూడా దాన్నే తలచి మరుజన్మలో జింకై పుట్టాడని కథ. పౌరాణికులు దీన్ని మమకారం గురించి చెబుతారు. మనకు కావలసిన ముక్క ఇందులో మరొకటి ఉంది. భరతుడు చూస్తుండగానే ఆ తల్లి చనిపోయింది. పిల్ల నిజంగానే అనాథ. మన మళ్ళలో, కంచెల్లో దొరికే పిల్లల్లో చాలావాటి సంగతి అది కాదు. వాటి తల్లి బతికే ఉంది. కూతవేటు దూరంలో పొద చాటున నిలబడి, మనం ఎప్పుడు పోతామా అని చూస్తూ ఉంటుంది.

జింక, దుప్పి జాతులు పుట్టిన పిల్లను మొదటి రోజుల్లో వెంట తిప్పుకోవు. గడ్డిలోనో, పైరులోనో పడుకోబెట్టి తాము దూరంగా మేస్తాయి. పాలివ్వడానికి రోజుకు కొన్నిసార్లు మాత్రమే, ముఖ్యంగా మసక వెలుతురులో, వచ్చి పోతాయి. తల్లి దగ్గర నిలబడితే ఆ వాసన పట్టి నక్కో, చిరుతో వస్తుంది. పిల్ల ఒంటికి మాత్రం వాసన చాలా తక్కువ. శత్రువు కనబడితే లేచి ఉరకడం దానికి ఇంకా చేతకాదు. కదలకుండా నేలకు అంటుకుపోవడమే అప్పటికి దానికి వచ్చిన విద్య. ఆ విద్యనే మనం "కదలలేకపోతున్నది, పాపం" అనుకుంటాం. నక్కను మోసం చేయగలిగిన పిల్ల కోత యంత్రాన్ని మోసం చేయలేదు. మనిషి జాలిని అంతకన్నా చేయలేదు.

మరొక అపోహ ఉంది. మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక దగ్గరకు రానివ్వదని చాలామంది నమ్ముతారు. పొరబాటున ఎత్తుకొచ్చినా, ఆలస్యం చేయకుండా అదే రోజు అదే చోట పెట్టి దూరంగా తొలగితే తల్లి వచ్చి తీసుకుపోయే అవకాశం బాగా ఉంటుంది. ఆ మడి ఒక్కటీ కోత ఆపడం కుదరకపోతే, చేతికి గడ్డి రుద్దుకొని పిల్లను ఎత్తి పక్క గట్టు మీద, నీడలో, ఎత్తయిన గడ్డిలో ఉంచి రావచ్చు. ఊరకుక్కలను అటు పోనివ్వకుండా చూడాలి. పది మంది పోయి కాపలా కాస్తే మాత్రం తల్లి రాదు. చూడాలనిపిస్తే ఒకరు చాలు, అదీ చాలా దూరం నుంచి.

ఇది నిజంగానే దిక్కులేనిదని ఎట్లా తెలుసుకోవాలి? తల్లి దగ్గరలోనే చచ్చి కనిపిస్తే అనుమానమే లేదు. ఒళ్ళు చల్లబడి, కళ్ళు లోతుకు పోయి, చీమలు పడుతుంటే, లేదా గంటల తరబడి తిరుగుతూ అరుస్తుంటే ఏదో జరిగిందన్నమాట. ఒంటి మీద గాయం ఉన్నా అంతే. అప్పుడు మనిషి చెయ్యి అవసరం.

బర్రెపాలు వద్దు

ఈ వ్యాసం రాస్తున్నవానికి ఈ సంగతి పుస్తకంలో కన్నా ముందు ఇంట్లోనే తెలిసింది. చిన్నతనంలో మా తాత పొలం నుంచి కండువాలో చుట్టి ఒక జింకపిల్లను తెచ్చాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మా నాయనమ్మ దూడలకు పట్టినట్టే వెదురు గొట్టంతో బర్రెపాలు పట్టింది. రెండో రోజుకు పారుకోవడం మొదలైంది. వాము నీళ్ళు పోశారు, పసుపు రాశారు. వీధిలో పిల్లలమంతా వంతులు వేసుకొని ఎత్తుకున్నాం. నాలుగో రోజు తెల్లవారేసరికి చనిపోయింది. చింతచెట్టు కింద పాతిపెట్టాం. దిష్టి తగిలిందని ఇంట్లో అనుకున్నారు. తప్పు మాదేనని చాలా ఏళ్ళ తర్వాత గాని నాకు తెలియలేదు.

జింక పాలు చిక్కన. కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలలో కన్నా చాలా ఎక్కువ. పిల్ల ఒక్కోసారి తాగేది మాత్రం కొద్దిగానే. మన బర్రెపాలో, ఆవుపాలో ఆకలి మీద కడుపునిండా పట్టిస్తే అరగక విరేచనాలవుతాయి. ఒంట్లో నీరు పోతుంది. అంత చిన్న ప్రాణికి ఒకటి రెండు రోజులు చాలు. పడుకోబెట్టి గొట్టంతో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది ఇంకొక చావు. జూలలో పిల్లలను సాకేవారు చాలాచోట్ల మేకపాలు వాడతారు. అదీ కొలత ప్రకారం, సీసాకు చిన్న పీకతో, పిల్లను నిలబెట్టి, రోజుకు అనేకసార్లు. పాలు పట్టాక తడిగుడ్డతో వెనుక భాగం తుడుస్తారు. తల్లి నాకితే గాని పసిపిల్లకు మలమూత్రాలు సరిగా రావు. ఇంత పని పెరట్లో జరిగేది కాదు. అటవీశాఖ వారు వచ్చేదాకా పాలు పట్టకుండా, మెత్తని గోనెసంచి మీద, చీకటిగా, చప్పుడు లేని గదిలో ఉంచడమే మేలు.

సరే, బతికిందనుకుందాం. అప్పుడు మరొక చిక్కు. ఇంట్లో పెరిగిన జింకకు కుక్క భయం ఉండదు, మనిషి భయం ఉండదు. అడవిలో వదిలితే మొదటి వారంలోనే కుక్కల పాలో, వేటగాడి పాలో అవుతుంది. మగదైతే మరీ ప్రమాదం. కొమ్ములు మొలిచి మదం మీదకు వచ్చేసరికి, సాకిన మనిషినే తన జాతి మగదనుకొని పొడుస్తుంది. అడవి జింక మనిషిని చూస్తే పారిపోతుంది. పెంపుడు జింక పారిపోదు. నిన్నటిదాకా పిల్లలు ముద్దు చేసినదాన్ని చివరకు కంచె వేసిన జింకల పార్కుకు తోలవలసి వస్తుంది. పోచారంలో జింకల పునరుత్పత్తి కేంద్రం ఉంది, హైదరాబాదులో 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. తల్లి దగ్గర ఉండవలసినవన్నీ అక్కడికే చేరితే అవి మాత్రం ఎన్నని సాకగలవు?

దెబ్బ తగిలిన జంతువు

ఎండాకాలంలో నీళ్ళకు వచ్చిన జింకను కుక్కలు తరమడం, అది ఊళ్ళోకి దూరడం మామూలే. జనం కుక్కలను తరిమి జింకను పట్టుకుంటారు. కాళ్ళు కట్టి, నోట్లో నీళ్ళు పోసి, మీద చెయ్యి వేసి ఫొటోలు తీసుకుంటారు. గాయం చూస్తే చిన్నదే. అయినా సాయంత్రానికి చనిపోతుంది. ఎందుకు?

జింక జాతి భయంతో చస్తుంది. ఇది మాటవరసకు అన్నది కాదు, పశువైద్యులకు బాగా తెలిసిన జబ్బు. ప్రాణభయంతో ఉరికి, పట్టుబడి, పెనుగులాడినప్పుడు ఒళ్ళు కాలిపోయేంత వేడెక్కుతుంది. కండరాలు లోపల దెబ్బతిని, ఆ విషం రక్తంలో కలిసి మూత్రపిండాలను, గుండెను పట్టుకుంటుంది. ఆ పూటే చావవచ్చు, నాలుగు రోజుల తర్వాతా చావవచ్చు. దీనికి వైద్యం కష్టం. రాకుండా చూడడమే మార్గం. గుడ్డతో కళ్ళు కప్పాలి. నీడకు చేర్చాలి. కాళ్ళు ఒక దగ్గరకు లాగి కట్టకూడదు. పక్కకు పడేసి ఉంచితే కడుపు ఉబ్బుతుంది గనుక బోర్లా, రొమ్ము మీద కూచున్నట్టు ఉంచాలి. జనాన్ని పంపించాలి. కళ్ళకు గంత కట్టగానే జింక ఎట్లా నెమ్మదిస్తుందో చూసినవారికి ఆశ్చర్యం కలుగుతుంది.

వాడుకలో లేని మోటబావులు మరొక గండం. బోర్లు వచ్చాక మన ఊళ్ళలో పాడుబడ్డ బావులెన్నో ఉన్నాయి. ఒరలు కూలి, చుట్టూ తుమ్మ, పరికి మొలిచి, దగ్గరకు పోతే గాని బావి అని తెలియదు. రాత్రిపూట కుందేలును తరుముతూ చిరుత, నీళ్ళు వెతుకుతూ ఎలుగు అందులో పడిపోతాయి. నీళ్ళున్న బావిలో పడిన జంతువు ఈది ఈది అలసి మునుగుతుంది. అధికారులు వచ్చేలోగా ఊరివారు చేయదగిన పని ఒకటుంది. నులకమంచాన్ని నాలుగు కోళ్ళకూ తాళ్ళు కట్టి నీటి మట్టానికి దించితే చిరుత దాని మీదకు ఎక్కి కూచుంటుంది. ప్రాణం నిలుస్తుంది. ఇది దేశంలో చాలాచోట్ల పనికొచ్చిన ఉపాయం. ఆ తర్వాత బోను దించడమో, పొడుగు నిచ్చెన వేసి జనమంతా వెళ్ళిపోవడమో అటవీశాఖవారు చూసుకుంటారు. నిచ్చెన వేసిన రాత్రి బావి చుట్టూ జాతర జరిగితే మాత్రం చిరుత పైకి రాదు. వచ్చినా ఎవరి మీదనో పడుతుంది.

అడవి పందుల కోసం పెట్టే ఉచ్చులు, కరెంటు తీగల సంగతి చెప్పాలంటే రైతుకు కోపం వస్తుందని తెలుసు. మక్కచేను ఒక్క రాత్రిలో నేలమట్టమైన రైతు కడుపుమంట తెలిసే రాస్తున్నాం. కాని ఉచ్చుకు పంది, చిరుత అన్న తేడా లేదు. కరెంటు తీగకు పంది, మనిషి అన్న తేడా కూడా లేదు. తెల్లవారుజామున చేనుకు పోయిన పక్క రైతే దాని మీద పడి చనిపోయిన వార్తలు పత్రికలు చదివేవారికి కొత్తవి కావు.

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో 2020లో రెండుసార్లు చిరుతలు ఇట్లా చిక్కాయి. జనవరిలో చిక్కినదాన్ని మత్తు ఇచ్చి పట్టి హైదరాబాదు జూకు తరలించారు. మే నెలాఖరులో, మండుటెండల్లో చిక్కినది అటవీ సిబ్బంది మీదకు దూకింది. మత్తు ఇచ్చి తరలిస్తే దక్కలేదు. ఉచ్చు నడుముకు బిగిస్తే పైకి నెత్తురు చుక్క కనబడకపోయినా లోపల అవయవాలు నలిగిపోతాయి. దానికి ఎండ తోడవుతుంది. మత్తు సూది అంటే సినిమాలో చూపినట్టు తగలగానే పడిపోవడం కాదు. మందు పట్టడానికి పది పదిహేను నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ లోపల జంతువు ఎటైనా ఉరకవచ్చు. బరువు అంచనా తప్పితే మందు తక్కువై లేస్తుంది, ఎక్కువై ప్రాణం పోతుంది. పడిపోయాక కూడా ఒళ్ళు వేడెక్కకుండా నీళ్ళు చల్లుతూ, కళ్ళు కప్పి, ఊపిరి లెక్కపెడుతూ ఉండాలి. చుట్టూ వెయ్యి మంది కేకలు వేస్తుంటే ఏ డాక్టరు చెయ్యి నిలుస్తుంది?

పాత మెదక్ జిల్లాలోనే, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న జిన్నారం మండలం గడ్డపోతారంలో 2022 డిసెంబరులో ఒక మందుల ఫ్యాక్టరీలోకి చిరుత దూరింది. లోపలి వారిని బయటకు పంపి, గంటల తరబడి ఓపిక పట్టి, జూ బృందం మత్తు ఇచ్చి దాన్ని క్షేమంగా పట్టుకుంది. గోడలున్న చోటు, గుంపు లేని చోటు గనుక సాధ్యమైంది. నిజాంపేట వంటి ఊరికి హైదరాబాదు నుంచి బృందం రావాలంటే సుమారు వంద కిలోమీటర్ల దారి. ఆ రెండు మూడు గంటలూ జంతువు ప్రాణం, మనుషుల ప్రాణం కూడా ఊరి పెద్దల చేతుల్లో ఉంటాయి. సర్పంచి, పోలీసులు కలిసి జనాన్ని వెనక్కు తీసుకుపోతే సగం పని అయినట్టే.

పట్టినదాన్ని ఏం చేస్తారు?

"పట్టుకపోయి దూరం అడవిల ఇడిచిపెట్టుండ్రి" అని ఊళ్ళలో అడగడం సహజం. మహారాష్ట్రలో పుణె జిల్లా జున్నర్ ప్రాంతంలో సరిగ్గా అదే చేశారు. చెరకు తోటల్లో తిరిగే చిరుతలను 2001 నుంచి పెద్ద ఎత్తున పట్టి దూరపు అడవుల్లో వదిలారు. దాడులు తగ్గలేదు సరికదా, పెరిగాయి. విద్యా ఆత్రేయ అనే పరిశోధకురాలు తోటివారితో కలిసి ఈ సంగతి లెక్కలతో తేల్చి 2011లో ప్రచురించారు. కొత్తచోట దిక్కు తెలియని చిరుత బెదిరిపోయి తిరుగుతుంది. ఖాళీ అయిన చోటికి మరొక చిరుత వస్తుంది. అందువల్ల ఎవరికీ హాని చేయకుండా దారిన పోయే చిరుతను పట్టకుండా ఉండడమే మంచిదని ఇప్పుడు నిపుణుల మాట.

అక్కడిదే ఒక మంచి విషయం. చెరకు కొట్టేటప్పుడు చిరుత కూనలు తరచు దొరుకుతాయి. మొదట్లో వాటిని కేంద్రానికి పట్టుకుపోయేవారు. పిల్లలు పోయిన తల్లి ఆ పరిసరాల్లోనే కసిగా తిరిగేది. ఇప్పుడు డాక్టరు పరీక్ష చేసి, అదే సాయంత్రం కూనలను ఒక పెట్టెలో పెట్టి దొరికిన చోటనే ఉంచుతారు. కెమెరా బిగించి అందరూ వెళ్ళిపోతారు. చీకటి పడ్డాక తల్లి వచ్చి, మెడపట్టి ఒక్కొక్కదాన్నే తీసుకుపోతుంది. తల్లి దొరకనివి, కాలు పోయినవి జున్నర్ దగ్గరి మాణిక్‌డోహ్ కేంద్రంలో ఉంటాయి. అక్కడికి చేరిన చిరుతల్లో చాలావాటికి బతుకంతా బోనే.

మన తెలుగునాట ఇట్లాంటి ప్రయత్నమే ఒకటి 2023 మార్చిలో జరిగింది. నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో ఊరి పక్కన నాలుగు పులికూనలు కనిపించాయి. నాలుగూ ఆడవే. ఊరివారు కుక్కల బారిన పడకుండా వాటిని ఒక గదిలో ఉంచి అధికారులకు కబురు చేశారు. చేసిన మేలు అది. తల్లి పులికి అటవీశాఖ లెక్కల్లో టి-108 అని గుర్తు. పాదముద్రలు వెతికారు, కెమెరాలు పెట్టారు, రాత్రిపూట కూనలను అడవిలోకి తీసుకుపోయి తల్లి వస్తుందని ఎదురుచూశారు. రాలేదు. చివరకు కూనలను తిరుపతి శ్రీవేంకటేశ్వర జూకు తరలించారు.

పులికూనను మళ్ళీ అడవికి పంపాలంటే జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమాలు కఠినంగా ఉన్నాయి. అడవిలోనే పెద్ద కంచె వేసి, మనిషి మొహం కనబడకుండా రెండేళ్ళు పెంచాలి. తనంతట తాను కనీసం 50 సార్లు వేటాడి చంపగలగాలి. అప్పుడే గేటు తీస్తారు. తల్లి రెండేళ్ళలో ఊరికే నేర్పే చదువుకు మనం ఇంత చేయాలి.

సర్కస్ జంతువుల కథ వేరు. సింహం, పులి, చిరుత, ఎలుగు, కోతి ఈ అయిదింటితో ఆటలు ఆడించరాదని ప్రభుత్వం 1998లో ఆజ్ఞ ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అప్పుడు రోడ్డున పడ్డ సింహాలు, పులుల కోసం విశాఖపట్నం, తిరుపతి జూలలో ఆశ్రయ కేంద్రాలు పెట్టారు. ముక్కుకు తాడు వేసి ఊరూరా తిప్పిన ఎలుగులకు బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలో చోటిచ్చారు. ఇంటి ముందు ఎలుగును ఆడించి, దాని వెంట్రుకను తాయెత్తు కట్టి ఇచ్చిన ఫకీరును పెద్దవారు మరిచిపోయి ఉండరు. ఆ ఎలుగుల్లో ఒక్కటీ తిరిగి అడవికి పనికిరాలేదు. పళ్ళు పీకేశారు, ముక్కు కుట్టేశారు.

తమిళనాడులో ముదుమలై దగ్గర తెప్పకాడు ఏనుగుల శిబిరంలో బొమ్మన్, బెల్లి అనే దంపతులు రఘు, అమ్ము అనే దిక్కులేని గున్నలను సాకారు. వారి మీద తీసిన చిన్న సినిమాకు 2023లో ఆస్కార్ బహుమతి వచ్చింది. అందరూ ఆ ప్రేమను మెచ్చుకున్నారు, మెచ్చుకోదగినదే. రఘు అనాథ ఎట్లా అయింది అన్నది చాలామంది పట్టించుకోలేదు. దాని తల్లి కరెంటు తగిలి చనిపోయింది.

కోతుల గురించి రాయకపోతే నిజాంపేట పాఠకులు క్షమించరు. పెంకులు లేపి, కూరగాయల మడి పీకి, పిల్లల చేతిలో బువ్వగిన్నె గుంజుకుపోయే కోతిని కూడా రక్షించాలా అని అడుగుతారు. నిర్మల్ దగ్గర చించోలి (బి) గ్రామంలో 2020 డిసెంబరులో కోతుల సంరక్షణ కేంద్రం తెరిచారు. పట్టి తెచ్చిన కోతులకు సంతానం కాకుండా ఆపరేషన్ చేసి, కోలుకున్నాక వదిలే ఏర్పాటు అది. మంచిదే. కాని తెలంగాణలో కోతుల సంఖ్యకు అటువంటి కేంద్రం ఒక్కటి ఏ మూలకు? మన ఊరి కోతులను పట్టి రాత్రికి రాత్రి పక్క ఊరి పొలిమేరలో దించి రావడం మాత్రం వైద్యం కాదు. వారం తిరక్కుండా వారూ మనకు అదే చేస్తారు.

చట్టం మాట

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువు ప్రభుత్వ సొత్తు. దయతోనే తెచ్చినా సరే, చేతికి వచ్చిన 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషనుకో, అటవీ అధికారికో తెలిపి అప్పగించాలి. పెంచుకుంటామంటే కుదరదు. కృష్ణజింక, బుర్రజింక, చిరుత, ఎలుగు, నెమలి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటిని వేటాడితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. నెమలి గుడ్లు దొరికితే కోడి కింద పొదగవేసే అలవాటు కొన్ని ఊళ్ళలో ఉంది. అదీ నేరమే. తన ప్రాణం కాపాడుకోవడానికి గత్యంతరం లేక ఎదిరించినవారిని మాత్రం చట్టం తప్పుపట్టదు.

దొరికినదాన్ని అప్పగించబోతే తననే దొంగ అంటారేమోనని రైతు భయం. ఆ భయంతోనే కొందరు చెప్పకుండా ఊరుకుంటారు, కొందరు రాత్రికి ఎక్కడో వదిలి వస్తారు. బీటు అధికారి పేరు, ఫోను నంబరు పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటే ఈ ఇబ్బంది చాలా వరకు తీరుతుంది. సున్నం, రంగు ఖర్చు తప్ప మరేమీ కాదు. చిరుత లాగను చంపితే కళేబరాన్ని కదల్చకుండా, దాని మీద మందు చల్లకుండా వెంటనే తెలపాలి. పశువుల డాక్టరు పరీక్ష, అటవీశాఖ పంచనామా ఉంటేనే పరిహారం కాగితం కదులుతుంది. అది కదలడానికి పట్టే కాలం గురించి రైతులు చెప్పేది వింటే, వారిలో కొందరు విషం సీసా వైపు ఎందుకు చూస్తారో అర్థమవుతుంది. ఈ విషయంలో అధికారులు తొందర చూపకపోతే ఎన్ని గోడల మీద ఎన్ని నినాదాలు రాసినా దండగ.

మళ్ళీ కోత దగ్గరకు వద్దాం. జర్మనీలో గడ్డి కోతల కాలంలో జింకపిల్లలు యంత్రాల కింద పడి చస్తున్నాయని, తెల్లవారుజామున ఒంటి వేడిని పసిగట్టే కెమెరా కట్టిన డ్రోన్‌ను పొలం మీద ఎగరేసి పిల్లలను వెతుకుతున్నారు. మనకు అంత హంగు లేదు. అక్కడి రైతులే డ్రోన్లు రాకముందు చేసిన పని ఒకటి మనకు కుదురుతుంది. కోతకు ముందు రోజు సాయంత్రం మడిలో అక్కడక్కడా కర్రలు పాతి, గాలికి రెపరెపలాడేటట్టు సంచులు, గుడ్డలు కట్టేవారు. కొత్త వస్తువు చూసి బెదిరిన తల్లి ఆ రాత్రే పిల్లను వేరేచోటికి తీసుకుపోతుంది. ఇంకొకటి, యంత్రాన్ని చుట్టూ తిప్పి నడుమకు రాకుండా, నడుమ నుంచి గట్ల వైపుకో, ఒక పక్క నుంచి మరొక పక్కకో కోయించాలి. అప్పుడు లోపల ఉన్న కుందేలు, కౌజు, జింక బయటకు పోవడానికి దారి ఉంటుంది. యంత్రం కిరాయి గంట లెక్కన గనుక డ్రైవరు ఒప్పుకోకపోవచ్చు. గుడ్డలు కట్టడానికి ఎవరి ఒప్పుదలా అక్కర లేదు. ఇంట్లో పాత చీరలు రెండుంటే చాలు.